జపాన్ యానిమేషన్ చిత్రాలకు తెర మీద తెలుగు అక్షరాలు కావాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

జపాన్ యానిమేషన్ చిత్రాలు కొన్నేళ్లుగా మన థియేటర్లకు తరచుగా వస్తున్నాయి. ఆ చిత్రాలను జపనీస్ గొంతులతోనే ప్రదర్శించేటప్పుడు, తెర అడుగున ఇంగ్లిష్‌కు బదులు తెలుగు ఉపశీర్షికలు కనిపించే ఆటలు కొన్నయినా మన రెండు రాష్ట్రాల్లో వేయాలని పంపిణీదారులను, థియేటర్ల యజమానులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నేను ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. సినిమా వ్యాపారపు లెక్కలు నాకు తెలియవు కానీ, ఒక భాషలోని మాట మరో భాషలోకి వెళ్లేటప్పుడు ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో గమనించడం నా వృత్తిలో భాగంగా ఉండేది.

2023 వేసవిలో మేము హైదరాబాదులో మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు, అప్పుడే ఎనిమిదో తరగతి పూర్తిచేసిన మనవరాలు నన్నూ, నా భార్యనూ మకోతో షింకాయ్ తీసిన ‘సుజుమె’ చిత్రానికి తీసుకెళ్లింది. 2011 మార్చి 11న ఈశాన్య జపాన్‌ను ముంచెత్తిన భూకంపం, సునామీల్లో తల్లిని పోగొట్టుకుని, పిన్ని దగ్గర పెరిగిన ఒక అమ్మాయి కథ అది. మాటలు జపనీస్‌లో వినిపిస్తుంటే తెర అడుగున ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయి. నా భార్యకు తెలుగు చదవడం బాగా వచ్చు, ఇంగ్లిష్ రాదు. అందువల్ల మనవరాలు ఒక్కో మాటనూ అమ్మమ్మ చెవిలో తెలుగులో చెబుతూ కూర్చుంది. వెనుక వరుసలోని వారికి అది ఇబ్బందిగా ఉందని ఒకటి రెండుసార్లు చెప్పించుకున్నాం. వారి అభ్యంతరం సరైనదే కాబట్టి ఆ తర్వాత మనవరాలు చాలావరకు మౌనంగా ఉండిపోయింది, నా భార్య మిగతా సినిమాను బొమ్మలను బట్టి ఊహించుకుంది.

చివర్లో మాత్రం ఆ పిల్ల ఆగలేకపోయింది. సునామీ వచ్చిన నాటి ఉదయం ఆ ఊరి ఇళ్ల నుంచి బయలుదేరిన మనుషుల గొంతులు ఒకదాని వెంట ఒకటి వినిపించే ఘట్టం అది. వాళ్లు గడప దాటుతూ ‘ఇత్తెకిమాసు’ అంటున్నారు. “వెళ్లొస్తాం అంటున్నారు అమ్మమ్మా” అని మనవరాలు చెప్పింది. నా భార్యది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో మేనమామ ఇంటిల్లిపాదినీ కోల్పోయిన మనిషి. ఆ ఒక్క మాటతో ఆమెకు అప్పటివరకు చూసిందంతా ఒక్కసారిగా అర్థమైంది. సినిమా అయిపోయాక కూడా చాలాసేపు ఆమె కుర్చీలోంచి లేవలేదు.

‘ఇత్తెకిమాసు’ను విడదీస్తే వెళ్లి వస్తాను అనే అర్థం. మన ఇళ్లలోనూ బయటకు వెళ్లేవారు ‘వెళ్తాను’ అనకూడదు, ‘వెళ్లొస్తాను’ అనాలి. ఎవరైనా పొరపాటున అంటే పెద్దలు వెంటనే దిద్దుతారు. ఇంట్లో ఉన్నవారు ‘వెళ్లి రా’ అంటారు. జపాన్‌లో దానికీ ‘ఇత్తెరషాయ్’ అని మాట ఉంది. తిరిగి వస్తానన్న హామీ ఆ మాటలోనే ఉన్నందువల్ల, తిరిగి రాని వాళ్ల నోట అది వినిపించినప్పుడు గుండె పట్టేస్తుంది. బయలుదేరుతున్నాను అనే అర్థమొచ్చే మామూలు ఇంగ్లిష్ మాటలో ఆ హామీ నిలవదు. తెలుగులో అయితే అనువాదకుడు కష్టపడవలసిన అవసరమే లేదు, మాట మన ఇంట్లోనే సిద్ధంగా ఉంది.

ఇది ఒక్క మాటతో ముగిసే సంగతి కాదు. జపనీస్‌లో ‘అని’ అంటే అన్న, ‘ఒతోతో’ అంటే తమ్ముడు, ‘అనె’ అంటే అక్క, ‘ఇమోతో’ అంటే చెల్లెలు. నాలుగింటికీ మనకు నాలుగు మాటలు ఉన్నాయి. ఇంగ్లిష్‌లో రెండే ఉన్నాయి, అవి పెద్దా చిన్నా తేడా చెప్పవు. తెర మీద చిన్నపిల్ల ‘ఒనీచాన్’ అని ఏడుస్తూ పిలిస్తే అది ‘అన్నయ్యా’ అన్న పిలుపే. నేను చూసిన చిత్రాల్లో ఆ పిలుపు వినిపించిన చోట ఇంగ్లిష్ అక్షరాల్లో తరచుగా ఆ అబ్బాయి పేరు కనిపించింది. మన పల్లెల్లో చెల్లెలు అన్నను పేరు పెట్టి పిలిస్తే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో చెప్పనక్కరలేదు. ‘సుజుమె’ కథలో ఆ అమ్మాయిని పెంచినావిడను తెలుగులో పిన్ని అంటే, ఆవిడ పోగొట్టుకున్నది సొంత అక్కనన్న సంగతి ఆ మాటలోనే తెలిసిపోతుంది. మీరు, నువ్వు అనే తేడా, పేరు చివర గౌరవం చేర్చే అలవాటు, క్రియ వాక్యం చివర వచ్చే పద్ధతి, ఇవన్నీ జపనీస్‌కూ తెలుగుకూ ఉన్న దగ్గరి పోలికలు. వాక్యంలో ముఖ్యమైన మాట చివర పడే చోట, తెలుగు ఉపశీర్షిక కూడా ఆ మాటను చివరే చూపగలదు. ఇంత అనుకూలమైన భాషను పక్కనపెట్టి, మన ప్రేక్షకులను ఇంగ్లిష్ మీదుగా జపాన్‌కు పంపడం నాకు బాధ కలిగిస్తోంది.

తెలుగులో డబ్బింగ్ చేసిన చిత్రాలు వస్తున్నాయి కదా అని కొందరు అనవచ్చు. వస్తున్నందుకు సంతోషమే. 2025 సెప్టెంబరు 12న మన దేశంలో విడుదలైన ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగులోనూ వచ్చింది. రెండున్నర గంటలు దాటిన ఆ చిత్రాన్ని పిల్లలు కదలకుండా చూడటం నేను కళ్లారా చూశాను. అదే ఏడాది జనవరి 24న, జపాన్ దర్శకుడు యుగో సాకో ఆధ్వర్యంలో జపాన్, భారత కళాకారులు కలిసి చేతితో గీసిన రామాయణ చిత్రం కూడా తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. అది 1992 నాటి చిత్రం. మన రాముడి కథే మన భాషలో మన థియేటర్లకు చేరడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టిందంటే, తక్కిన చిత్రాల సంగతి ఊహించవచ్చు. డబ్బింగ్‌కు స్టూడియో, కళాకారులు, ప్రచారం అన్నీ కావాలి కాబట్టి, వసూళ్లు ఖాయమనుకున్న భారీ పోరాట చిత్రాలకే ఆ ఖర్చు పెడతారు. నిదానంగా నడిచే చిత్రాలు, పెద్దవారి మనసును తాకే చిత్రాలు ఇంగ్లిష్ అక్షరాలతో నాలుగు పెద్ద నగరాల్లో నాలుగు రోజులు ఆడి వెళ్లిపోతున్నాయి. హయావో మియజాకి తీసిన ‘ద బాయ్ అండ్ ద హెరాన్’ 2024 మార్చిలో ఆస్కార్ అందుకుని, మేలో మన దేశానికి వచ్చినప్పుడు నేను హైదరాబాదులో ఇంగ్లిష్ అక్షరాలతోనే చూశాను. మా రాజమహేంద్రవరంలో చూడాలనుకుంటే ఆట దొరకలేదు.

డబ్బింగ్ ఎంత బాగున్నా అసలు గొంతు వినాలన్న కోరిక వేరు. ఆ కోరిక ఎంత సహజమో జపాన్ ప్రేక్షకులే మనకు చూపించారు. 2022 అక్టోబరు 21న అక్కడ ‘ఆర్ఆర్ఆర్’ విడుదలైనప్పుడు వాళ్లు తెలుగు మాటలు వింటూ, తెర మీద జపనీస్ అక్షరాలు చదువుకుంటూ చూశారు. అలా నెలల తరబడి ఆడిన తర్వాతే, 2023లో జపనీస్ డబ్బింగ్ వచ్చింది. అంతకు ముందు ‘బాహుబలి’కి అరుపులతో, నినాదాలతో చూసే ప్రత్యేక ప్రదర్శనలు కూడా వేశారు. మన భాషను మన గొంతులోనే వినాలని, అర్థాన్ని తమ లిపిలో చదువుకోవాలని వాళ్లు కోరుకున్నారు. నేను అడుగుతున్నది సరిగ్గా అదే, ఇటు నుంచి.

ఇది సాంకేతికంగా పెద్ద పని అని మొదట నేనూ అనుకున్నాను. థియేటర్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకరు ఆ సందేహం తీర్చారు. ఇప్పుడు సినిమా రీళ్లలో కాక డిజిటల్ ప్యాకేజీగా వస్తుంది. బొమ్మ, ధ్వని, ఉపశీర్షికలు అందులో వేర్వేరు ఫైళ్లుగా ఉండవచ్చు. అలా వచ్చిన చిత్రానికి కొత్త భాష అక్షరాలు చేర్చాలంటే సినిమా మొత్తాన్ని మళ్లీ తయారు చేయనక్కరలేదు, ఆ చిన్న ఫైలును అదనంగా పంపితే చాలునట. ఒత్తులు, గుణింతాలు యంత్రంలో చెదిరిపోతాయన్న భయం ఉంటే, ప్రతి వాక్యాన్నీ బొమ్మగా చేసి పంపే వెసులుబాటు కూడా ఉందని చెప్పారు. అనువాదం మాత్రం శ్రద్ధగా జరగాలి. రెండు వరుసలకు మించకుండా, చదవడానికి తగిన వ్యవధి ఇస్తూ, పాత్ర వయసుకూ వరసకూ తగిన సంబోధనతో రాయగలవారు కావాలి. హైదరాబాదులోని ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో జపనీస్ బోధిస్తున్నారు. అక్కడ చదివిన తెలుగువారి చేత, ఇంగ్లిష్ ఉపశీర్షికలను చూసి కాకుండా, నేరుగా జపనీస్ విని రాయించాలి. అలా చేయకపోతే ఇంగ్లిష్‌లో పోయిన అన్నయ్య తెలుగులోనూ తిరిగి రాడు.

తెర మీద తెలుగు అక్షరాలు ఉంటే వినికిడి లోపం ఉన్నవారికీ ఎంతో మేలు. థియేటర్లలో వారికి క్యాప్షన్ల సదుపాయం ఉండాలని కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2024 మార్చిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వారి కోసం తెలుగులో క్యాప్షన్లు రాసే అలవాటు పరిశ్రమకు ఎలాగూ కావాలి. ఆ నైపుణ్యమే ఈ చిత్రాలకూ పనికొస్తుంది.

ఆటల వేళల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇలాంటి చిత్రాలను తెల్లవారుజామునో, రాత్రి పది దాటాకో వేస్తే పెద్దవాళ్లు, బడి పిల్లలు వెళ్లలేరు. విజయవాడ, విశాఖపట్నం, వరంగల్, తిరుపతి, రాజమహేంద్రవరం వంటి చోట్ల శని, ఆదివారాల్లో మధ్యాహ్నం ఒక్క ఆట తెలుగు అక్షరాలతో వేసి చూడమని కోరుతున్నాను. హైదరాబాదులో ఏళ్ల తరబడి జరిగిన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం వంటి వేదికలను (2017లో దాని 20వ ఉత్సవం జరిగింది) ప్రభుత్వాలు మళ్లీ ఏర్పాటు చేస్తే, విదేశీ బాలల చిత్రాలకు తెలుగు ఉపశీర్షికలు రాయించే పనిని అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

మనవరాలు ఇప్పుడు ఇంటర్మీడియట్‌లో ఉంది. ఆ రోజు థియేటర్లో చెప్పలేకపోయిన ‘సుజుమె’ మాటలన్నీ తర్వాత ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాసి అమ్మమ్మకు ఇచ్చింది. నా భార్య ఆ పుస్తకాన్ని రెండుసార్లు చదివింది. ఆ సినిమాను మళ్లీ పెద్ద తెర మీద చూడాలని ఉందని, ఈసారి పక్కవారిని అడగకుండా తానే చదువుకుంటూ చూస్తానని అంటోంది. పంపిణీదారులు ఈ విన్నపాన్ని పరిశీలించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం