పఫర్ చేపల్ని గప్పీలతో కలిపి అంటగట్టొద్దు

ఎడిటర్ గారికి నమస్తే,

మావాడి గోల పడలేక అక్వేరియం షాపులో రెండు పీ పఫర్లు కొన్నానండి, బఠాణీ గింజంత ఉన్నాయి, ఇంట్లో ఉన్న గప్పీ చేపలతో కలిపేసుకోవచ్చు అన్నాడు షాపాయన, తీరా తెల్లారేసరికి గప్పీల తోకలన్నీ పీలికలు! ఎండు మేత వేస్తే కన్నెత్తి చూడవు, అదే చిన్న నత్త కనబడితే గుడ్లు తిప్పుతూ కాసేపు చూసి టక్కున కొరికి లాగేస్తాయి. వీటి పళ్లు ఆగకుండా పెరుగుతాయి, నత్త గుల్లలు కొరికితే అరుగుతాయి. పైగా ఇవి కేరళ వైపు పడమటి కనుమల నదుల్లో బతికేవి, ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ముప్పు జాబితాలో కూడా ఉన్నాయి. అమ్మేటప్పుడు ఏం తింటాయో, వేటితో పడవో ఒక ముక్క చెప్తే సొమ్మేం పోయింది? తోకల్లేని గప్పీలు ఇప్పుడు మా స్టీలు బేసిన్‌లో ఉన్నాయి, బియ్యం కడగడానికి అది ఎప్పుడిస్తావని మా ఆవిడ రోజూ అడుగుతోంది.

ఇట్లు,
ఓ పాఠకుడు, విజయవాడ