బబూన్ కాదమ్మా, మాండ్రిల్

కడప

చిరంజీవి వాణికి,

నాయన ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరమూ క్షేమం. నీ ప్రాజెక్టు నివేదికలోని బొమ్మలు ప్రింటులో ఎలా వస్తాయో చూసి చెప్పమని పంపావు కదా, వాటిలో ఒక కోతి ముఖం దగ్గర నేను ఆగిపోయాను. దాని కింద నువ్వు ‘బబూన్’ అని రాశావు. నలభై ఏళ్లుగా స్టూడియోలో ముఖాలను ఫొటో తీస్తూ, ప్రతి కవరు మీదా పేరు తప్పు పోకుండా రాసుకుంటూ వచ్చినవాణ్ణి కనుక నాకది మింగుడుపడలేదు. అది మాండ్రిల్.

తప్పు నీ ఒక్కదానిదే కాదులే. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి చిత్రభాండారంలోని ఆ 512 × 512 పిక్సెళ్ల బొమ్మను, సన్నని వెంట్రుకలూ గాఢమైన రంగులూ ఒకేచోట ఉన్నందువల్ల, చిత్రాలను కుదించే పద్ధతులకు పరీక్షగా దశాబ్దాలుగా వాడుతున్నారు. వాడినవారిలో చాలామంది బబూన్ అనే పిలిచారు. శాస్త్రజ్ఞులు కూడా ఒకప్పుడు ఈ రెండింటినీ ఒకే ప్రజాతిలో చేర్చారు. తరవాత జన్యుపరీక్షల్లో మాండ్రిల్‌కు దగ్గరి చుట్టాలు బబూన్లు కావనీ, మాంగబే కోతుల్లో ఒక తెగ అనీ తేలింది. చిన్నప్పుడు నువ్వు విడవకుండా చూసిన 1994 నాటి కార్టూన్ సినిమా ‘ది లయన్ కింగ్’లోని రఫీకీ అనే కోతికి మాండ్రిల్ ముఖం పెట్టి, మాండ్రిల్‌కు లేని పొడుగు తోకను తగిలించి, తూర్పు ఆఫ్రికా గడ్డిమైదానంలో కూర్చోబెట్టారు. అసలు మాండ్రిల్‌ది మొండి తోక, ఉండేది మైదానంలో కాదు. కామెరూన్ దక్షిణ భాగం, ఈక్వటోరియల్ గినీ, గబాన్, కాంగో గణతంత్రంలోని నైరుతి భాగం, ఇవీ దాని అడవులు.

ఆ రంగుల సంగతి నాకు నిద్ర పట్టనివ్వలేదు. ముక్కు మీది ఎరుపు చర్మం కింది రక్తనాళాల వల్ల వచ్చేది. మందలో పెత్తనం చేసే మగదానికి అది నిగనిగలాడుతుంది, ఆ పెత్తనం పోయిన కొన్నాళ్లకు వెలిసిపోతుంది. గబాన్‌లోని ఫ్రాన్స్‌విల్ పరిశోధనాకేంద్రం పెంచుతున్న మాండ్రిళ్లను ఏళ్ల తరబడి గమనించి జోవన్నా సెచెల్ ఈ విషయాన్ని రాశారు. ఇక బుగ్గల మీది నీలం అసలు వర్ణద్రవ్యమే కాదు. చర్మంలోని కొలాజెన్ అనే మాంసకృత్తు పోగులు ఒక క్రమంలో పేర్చినట్టు ఉండి నీలపు వెలుగును మాత్రం వెనక్కి పంపుతాయి, తక్కిన వెలుగును అడుగునున్న నల్లని పదార్థం మింగేస్తుంది. నెమలిపింఛంలోని నీలం కూడా ఇటువంటి వెలుగు పనే. క్షీరదాలలో మరే జంతువుకూ మగ మాండ్రిల్‌కున్నంత వింత రంగులు లేవని 1871లోనే డార్విన్ రాశాడు. రంగులు కలపడంలో తలపండిందనుకున్న నేను, రంగే లేని నీలం ఉంటుందని ఈ వయసులో తెలుసుకున్నాను.

గండి క్షేత్రానికి వెళ్లినప్పుడు ఒక కోతి పళ్లు బయటపెట్టిందని నువ్వు జేజి కొంగు పట్టుకుని ఏడ్చావు, గుర్తుందా? మగ మాండ్రిల్ కోరపళ్లు నాలుగైదు సెంటీమీటర్లుంటాయి, ఒళ్లు ముప్పై కిలోలు దాటుతుంది. అయినా అది పెదవులు వెనక్కి లాగి పళ్లు చూపిస్తూ తల ఊపిందంటే తనవాళ్లను పలకరిస్తోందని అర్థం. గబాన్‌లోని లోపే జాతీయ వనంలో ఇవి వందల సంఖ్యలో ఒకే మందగా తిరుగుతాయి. అంత గుంపులో, అంత చీకటి అడవిలో, ముఖమే మాట్లాడాలి మరి.

బోనులోని బతుకు వేరు. నాలుగో జార్జి రాజు కాలంలో లండన్‌లో ‘హ్యాపీ జెర్రీ’ అనే మాండ్రిల్‌కు కుర్చీలో కూర్చుని పొగ పీల్చడం, సారాయి తాగడం నేర్పి, రాజుగారి విందుకు కూడా పిలిపించారు. ఆ పేరులోని ‘సంతోషం’ చూసినవారిదే తప్ప దానిది కాదని నా నమ్మకం. దానికంటే నన్ను కదిలించింది ఇంగ్లండులోని కోల్చెస్టర్ జూలోని గుంపు. అక్కడ ఒక ఆడ మాండ్రిల్ అరచేత్తో కళ్లు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది, చూసి మిగతావీ నేర్చుకున్నాయి. అలా కూర్చున్నదాని జోలికి తక్కినవి అంతగా పోవడం లేదని 2011లో ఒక పరిశోధకుడు ప్రచురించాడు. ఒంటరిగా పోయేందుకు అడవి లేనప్పుడు అరచేతినే తలుపు చేసుకున్నాయన్నమాట! అడవిలో ఉన్నవాటికి మాంసం కోసం వేటాడేవారి భయం, చెట్ల నరికివేత ఉన్నాయి, అందుకే వాటిని ప్రమాదపుటంచున ఉన్న జాతిగా లెక్కిస్తున్నారు.

నీ చదువుకు పనికొచ్చే ముక్క ఒకటి దాచి ఉంచాను. గబాన్‌లో స్వేచ్ఛగా తిరిగే మాండ్రిళ్ల ఫొటోలను వేల సంఖ్యలో కంప్యూటరుకు చూపించి పోలికలు పట్టే విద్య నేర్పితే, ఒకే తల్లికి పుట్టిన ఆడపిల్లలకంటే ఒకే తండ్రికి పుట్టినవారి ముఖాలే ఎక్కువగా కలిశాయని 2020లో మారీ షార్పాంట్యే బృందం వెల్లడించింది. ఏ తల్లి బిడ్డో మందలో అందరికీ తెలుసు కానీ, తండ్రి ఎవరో ముఖమే చెప్పాలి. ‘అచ్చం నాయన పోలికే’ అని నిన్ను చూసిన ప్రతివారూ అంటుంటే మీ అమ్మ మూతి ముడుచుకునేది. ఈ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

బొమ్మ కింద పేరు మార్చి మళ్లీ పంపు. మన ప్రింటరులో ముక్కు ఎరుపు నారింజ వైపు పోతోంది, ఈసారి దగ్గరుండి సరిచేస్తాను.

ఆశీస్సులతో,
నాయన