పోయిన వారం పోటు టైములు తప్పు వేశాం

పోయిన సంచిక 2వ పేజీలో వచ్చిన ఆటుపోట్ల పట్టిక అంతకు ముందు వారానిది. పాత పేజీ తెరిచి అంకెలు మార్చుకోవడం మా అలవాటు. తేదీలు మార్చాను, టైములు మార్చడం మర్చిపోయాను. ప్రెస్సు వాళ్ల తప్పేం లేదు, నాదే.

పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. వారం తిరిగేసరికి తేడా దాదాపు 6 గంటలు. అంటే మేం పోటు అని వేసిన వేళకు నీళ్లు పూర్తిగా లాగేసి ఉన్నాయి. కాస్త అటూ ఇటూ కాదు, మొత్తం తలకిందులు. ఒక పడవ యజమాని ఆ కాగితం ముక్క చింపుకొచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. పడవ బురదలో కూరుకుపోయి మళ్లీ పోటు వచ్చేదాకా కదల్లేదట. ఆయన తిట్టలేదు. "నేనైతే నీళ్లు చూసి వెళ్తాను. మా అబ్బాయి మీ పేపరు చూసి వెళ్లాడు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇలా ఎందుకైందో కూడా చెప్పాలి. ఇల్లు అద్దెకు, పాత ఇంజను అమ్మకానికి లాంటి చిన్న ప్రకటనలు ఎప్పుడో ఫోన్లలోకి వెళ్లిపోయాయి. ప్రూఫులు చూసే మనిషి జీతం ఆ ప్రకటనల్లోంచే వచ్చేది. ఇప్పుడు రాసేదీ, దిద్దేదీ, బిల్లులు వసూలు చేసేదీ నేనే. రాసినవాడి కంటికి తన తప్పు కనపడదు.

అందుకే వచ్చే నెల నుంచి 8 పేజీలు 4 అవుతాయి. 6 ఎందుకు కాదంటే, ఒక షీటు మడిస్తే 4 పేజీలు వస్తాయి, మధ్యలో విడి కాగితం దూర్చడం అదనపు ఖర్చు. సినిమా పేజీ, ముందురోజే మీరు ఫోన్లో చూసేసిన పెద్ద వార్తలు ఉండవు. ఆటుపోట్లు, రేవు నోటీసులు, మునిసిపల్ మీటింగు, మరణవార్తలు ఉంటాయి. మరణవార్తలో పేరు, వయసు అచ్చుకు ముందు ఇంటివాళ్లకు ఫోన్లో చదివి వినిపిస్తాం.

4 పేజీలతో ఏం చేస్తావని ఒకాయన అడిగాడు. కాలిఫోర్నియా తీరంలో పాయింట్ రేయిస్ లైట్ అనే చిన్న వారపత్రిక, సినానాన్ అనే సంస్థ బండారం బయటపెట్టి 1979లో పులిట్జర్ అనే పెద్ద జర్నలిజం బహుమతి తెచ్చుకుంది. నా దగ్గర అంత సరుకు లేదు లెండి. కానీ మీటింగులో చివరిదాకా కూర్చోవడం చేతనవును. అడ్డుగోడ మరమ్మతు లాంటి అసలు విషయం అజెండాలో ఎప్పుడూ 'ఇతర అంశాలు' కిందే దాక్కుంటుంది, అప్పటికి సగం మంది లేచి వెళ్లిపోతారు.

8 పేజీలకని చందా కట్టినవాళ్లు వద్దనుకుంటే మిగిలిన నెలల డబ్బు వాపసు ఇస్తాను. కారణం అడగను.

ఇకపై పట్టికను ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు అధికారిక పట్టికతో పోల్చి టిక్కు పెట్టాకే పేజీ ప్రెస్సుకు వెళ్తుంది. ఈ వారం సరైన టైములు మొదటి పేజీలోనే వేశాం. పాతది ఎవరైనా పడవలో అంటించుకుని ఉంటే దయచేసి చించేయండి.