బేస్ స్టేషన్ చుట్టూ ఏముందో అడగండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

సర్వే, నావిగేషన్ వ్యవహారాలు చూసే గౌరవనీయ మంత్రిగారికి,

నమస్కారం. జీపీఎస్ వంటి ఉపగ్రహాల కొలతల్లోని తప్పును లెక్కగట్టి, వాడుకరులకు దిద్దుబాటు పంపే బేస్ స్టేషన్లు ఎన్ని పెట్టారో చెప్పే పట్టికలు మీ బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. ఒక్కొక్క యాంటెన్నా చుట్టూ ఏముందో చెప్పే కాగితం మాత్రం రాదు. దాన్ని తెప్పించుకోమని అడగడానికే ఈ లేఖ.

ఉపగ్రహ సంకేతం యాంటెన్నాను నేరుగా చేరుతుంది. పక్కనున్న గోడకో రేకుల కప్పుకో తగిలి, కాస్త ఆలస్యంగా మరోసారీ చేరుతుంది. రిసీవర్ రెండింటినీ కలిపి కొలిచేసరికి దూరం తప్పుతుంది. ఇదే మల్టీపాత్ దోషం. ఉపగ్రహ గడియారపు తప్పును, అయనోవరణంలో జరిగే ఆలస్యాన్ని బేస్ స్టేషన్ చాలావరకు దిద్దగలదు. అవి దానికీ వాడుకరికీ ఇంచుమించు ఒకటే కనుక. మల్టీపాత్ అలా కాదు, యాంటెన్నా ఉన్న చోటుకే పరిమితం. నీళ్ల ట్యాంకుకూ ఏసీ యంత్రాలకూ మధ్య యాంటెన్నాను బిగిస్తే, అక్కడి తప్పు దిద్దుబాటు పేరుతో వాడుకరులందరికీ అందుతుంది. తూకపు రాయే తప్పయినట్టు! క్యారియర్ దశ కొలతలో (సంకేతాన్ని మోసే తరంగపు దశను బట్టి దూరం కొలిచే సూక్ష్మ పద్ధతిలో) ఈ దోషం 5 సెంటీమీటర్ల లోపేగా అని తీసిపారేసేవారున్నారు. హద్దురాయి పాతేవారిని అడిగితే తెలుస్తుంది.

మందు కొత్తగా కనిపెట్టనక్కరలేదు. ఆలస్యంగా వచ్చే ప్రతిఫలనాల ప్రభావాన్ని తగ్గించే ఇరుకు కోరిలేటర్ రిసీవర్లు 1990ల ఆరంభంలోనే వచ్చాయి. కింది నుంచి వచ్చే ప్రతిఫలనాలను అణిచే చోక్ రింగ్ యాంటెన్నాలూ పాతవే. జీపీఎస్ ఎల్1 పౌనఃపున్యంపై పంపే పాత పౌర కోడ్‌లో ఒక చిప్ (కోడ్‌లోని ఒక్క అంకె) పొడవు సుమారు 293 మీటర్లు, మరో పౌనఃపున్యంపై వచ్చే కొత్త సంకేతం ఎల్5లో సుమారు 29 మీటర్లు. అందుకే దూరపు ప్రతిఫలనాన్ని ఎల్5 తేలిగ్గా వేరుచేస్తుంది. ధర తక్కువని ఎల్1 ఒక్కటే అందుకునే పరికరం కొనడం నాకు అర్థంకాని పొదుపు. అయితే అమ్మకందారులు చెప్పని మాట ఒకటుంది: రెండు మీటర్ల దూరంలోని గోడ విషయంలో ఎల్5 కూడా పెద్దగా ఆదుకోదు. అక్కడ యాంటెన్నాను జరపాల్సిందే.

ఏ స్టేషన్ చెడిందో కనుక్కోవడం కష్టం కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు రోజూ సుమారు 4 నిమిషాలు ముందుగా ఆకాశంలో అవే స్థానాలకు వస్తాయి. గోడలు ఎటూ కదలవు. వరుస రోజుల కొలతలను ఆ 4 నిమిషాల మేర జరిపి ఒకదానిపై ఒకటి పరిచినప్పుడు అవే ఎగుడుదిగుళ్లు మళ్లీ కనిపిస్తే, అది మల్టీపాతే. ముడి కొలతలు బయటపెట్టండి చాలు, విద్యార్థులే తేల్చిపెడతారు.

ఇక ముందు ఈ పరీక్ష నెగ్గిన స్టేషన్‌కే బిల్లు చెల్లించేలా ఆదేశాలివ్వండి. ఖాళీ మైదానంలో తీసిన కచ్చితత్వపు అంకెతో వచ్చే సంస్థను, గోడల మధ్య కొలిచి చూపమని అడగండి.

ఇట్లు,
ఒక సర్వే ఇంజనీరు