పేరు రాయొద్దన్న, చెవి పరీక్షలు చేసే ఆ ఆడియాలజిస్ట్ అమ్మాయికి

అమ్మని ఖమ్మం తీసుకొచ్చి పడుకోబెట్టాను. కళ్ళు మండుతున్నాయి, నడుం విరిగిపోతోంది, నిద్ర మాత్రం రావట్లేదు. ఇది ఇప్పుడే రాసేయాలి. రేపు పొద్దున్నే పాలవాడు, పిల్లల టిఫిన్లు మొదలైతే ఇక అంతే.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. అమ్మకి ఏళ్ళ తరబడి ముఖం ఎడమ సగం అదురుతోంది. హెమీఫేషియల్ స్పాజమ్ అంటారు. మెదడు దగ్గర ఒక రక్తనాళం ముఖం నరాన్ని ఒత్తుతోంది. కన్ను దానంతటదే మూసుకుపోతుంది, నోటి మూల పైకి గుంజేస్తుంది. ఎడమ కన్ను అదిరితే ఆడవాళ్ళకి శుభం అంటారు కదా, ఆ లెక్కన మా పెరట్లో ఈపాటికి లంకెబిందెలు బయటపడాలి. కండరాన్ని సడలించే బోటాక్స్ సూదులు వేస్తే మూడు నాలుగు నెలలు నెమ్మదిస్తుంది, మళ్ళీ మొదలు. ఇది చాలదన్నట్టు ఈ మధ్య తల తిరుగుడు కూడా వచ్చింది. ముఖం నరం, వినికిడినీ ఒంటి బ్యాలెన్స్‌నీ చూసే చెవి నరం పక్కపక్కనే వెళ్తాయట. అందుకని ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు రెండు చెవుల బ్యాలెన్స్ టెస్టులు చేయించుకురండి అన్నారు సర్జన్ గారు.

హైదరాబాద్‌లో మొదట వెళ్ళిన సెంటర్ పేరు రాయను. కంటి కదలికలు పట్టే గాగుల్స్ పెట్టి తల టకటకా తిప్పారు. అమ్మ కన్ను మూతపడిన ప్రతిసారీ "కళ్ళు తెరవండమ్మా, తెరవండీ" అని కసురుడు. తెరవగలిగితే అసలు అక్కడిదాకా ఎందుకొస్తాం? చివరికి రిపోర్టులో "పేషెంట్ నాట్ కోఆపరేటివ్" అని రాసి, కుడి చెవికి "నో రెస్పాన్స్" అని పెట్టారు. మంచి చెవి అనుకున్నది కూడా పోయిందా అని ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. అడిగితే మళ్ళీ కట్టి మళ్ళీ చేయించుకోండి అన్నారు. ఇన్సూరెన్స్ వాళ్ళేమో అడ్మిట్ కాలేదు కాబట్టి ఇవ్వం అన్నారు. కూర్చుని చేసే టెస్టుకి మంచం ఎందుకు ఎక్కాలో నాకైతే అర్థం కాలేదు.

రెండో చోట ఈ అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో. మెషిన్ ఆన్ చెయ్యకముందు కుర్చీ లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చుని, ఊరికే మాట్లాడుతూ ముఖం చూసింది. ఎప్పుడు అదురుతోంది, ఎంతసేపు ఆగుతోంది, మాట్లాడితే ఎక్కువవుతోందా అని. చివరి బోటాక్స్ ఎప్పుడు వేయించారు అంది. దాని పని అయిపోవచ్చింది, సూదులు వేయించుకుని రెండు మూడు వారాలాగి రండి, ఈరోజు డబ్బు కట్టొద్దు అని పంపించేసింది. వచ్చిన పేషెంట్‌ని డబ్బు తీసుకోకుండా వెనక్కి పంపడం నేను ఇదే చూడటం.

సూదులు వేయించి మళ్ళీ వెళ్ళాక, పాత రిపోర్ట్ గుట్టు కూడా తనే విప్పింది. కంటి కింద ప్యాచ్ పెట్టి చెవిలో టప్ టప్ అని శబ్దం వినిపించే టెస్టులో, ఎడమ కంటి కింద దొరికేది కుడి చెవి జవాబట. అమ్మ ఎడమ ముఖం అదురుతుంటే ఆ అదురులో కుడి చెవి జవాబు కొట్టుకుపోయింది. చెవికేం కాలేదు. మెడ కండరం మీద చేసే టెస్టు కూడా చేసి చూపించింది, ఆ కండరాన్ని నడిపేది ముఖం నరం కాదు కాబట్టి. రెండు వైపులా గీతలు చక్కగా వచ్చాయి.

గాగుల్స్ టెస్టులో అదురు ఆగేదాకా అమ్మ తల రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడేది. ఆగగానే ఒక్క చిన్న విసురు. మధ్యలో రెప్ప పడితే అది లెక్కలోంచి తీసేసి మళ్ళీ. ఎన్నిసార్లైనా "పర్లేదమ్మా, మీరేం చెయ్యట్లేదు, అది చేస్తోంది" అనే మాటే. నేను బయటికెళ్ళి ఏడ్చొచ్చాను.

చెవిలో 30 డిగ్రీల నీళ్ళు, 44 డిగ్రీల నీళ్ళు పోసే పరీక్షకి పేషెంట్ మెలకువగా ఏదో ఆలోచిస్తూ ఉండాలట, మామూలుగా మాట్లాడిస్తారట. మాట్లాడితే అమ్మకి అదురు పెరుగుతుందని, చుట్టాల పేర్లు మనసులో తల్చుకుని ఒక్కో పేరుకి ఒక వేలు ఎత్తమంది. అమ్మ వేళ్ళు చాల్లేదు! మధ్యలో విరామంలో కథ కూడా చెప్పింది. ఈ పరీక్ష వెనకున్న రాబర్ట్ బరానీ అనే డాక్టర్‌కి 1914 నోబెల్ ఇచ్చారనీ, ఆ కబురు అందేటప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ అనీ. అమ్మ వెంటనే "అయ్యో, వాళ్ళమ్మ ఎంత ఏడ్చిందో" అంది.

అంతా అయ్యాక తడి గుడ్డతో అమ్మ ముఖం మీది జెల్ తుడిచింది. నుదుటి ప్యాచ్ కోసం బొట్టు తీయాల్సొచ్చింది కదా, తన ఫోన్ కవర్ వెనక అంటించుకున్న స్టిక్కర్ల షీట్ తీసి, అమ్మ గడ్డం పట్టుకుని, ముఖం అదురుతుండగానే సరిగ్గా మధ్యలో పెట్టింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా అమ్మ ఎవరి ముందైనా కూర్చుని ఎన్నేళ్ళయిందో. థాంక్యూ అని పేరు రాస్తానంటే వద్దక్కా, డ్యూటీయే కదా అంది. ఏం డ్యూటీ తల్లీ, ఆ మొదటి చోటా డ్యూటీయే చేశారు.

ఎడమ చెవి కొంత బలహీనం, కుడిది బాగుంది. గోడ మీద అక్షరం చూస్తూ తల అటూ ఇటూ తిప్పే వ్యాయామం ఇచ్చారు. ఆపరేషన్ మాట సర్జన్ గారు రిపోర్టులన్నీ చూశాక చెప్తారు.

తమ్ముడు, మా ఆయన, వదిన, నాన్న అందరూ చేశారు. మీకు థాంక్స్ చెప్తే తిడతారు, చెప్పను.

ఆగండి, వీల్‌చైర్ కోసం పరిగెత్తిన సెక్యూరిటీ అన్నకి కూడా. సికింద్రాబాద్ స్టేషన్‌లో మీటర్ కంటే రూపాయి ఎక్కువ తీసుకోని ఆటో బాబాయికి. మా కుక్కకి అన్నం పెట్టిన పక్కింటి పిన్నిగారికి. అయ్యో, రైల్లో లోయర్ బెర్త్ ఇచ్చిన బీటెక్ బాబూ, నీ చార్జర్ నా బ్యాగ్‌లోనే ఉండిపోయింది. ఇది నీ కంటపడితే మెసేజ్ పెట్టు, కొరియర్ చేస్తాను.