క్యాన్సర్ నయమైనవారికి డెంగీకి కూడా బీమా ఇవ్వరా?

సంపాదకుడు గారికి,

మా ఆవిడకు చెవి కింద లాలాజల గ్రంథిలో క్యాన్సర్ గడ్డ వచ్చింది. తొలిదశలోనే దొరకడంతో ఆపరేషన్‌తో సరిపోయింది, రేడియేషన్ అక్కర్లేదన్నారు. ఏళ్లు గడిచాయి. ఇప్పుడు మిగిలిందల్లా చెవి ముందు సన్నటి గాటు, అన్నం తినేటప్పుడు ఆ వైపు చెంపకు పట్టే చెమట. చెకప్‌కు వెళ్తే డాక్టరు మెడ తడిమి చూసి, బాగుంది వెళ్లమంటారు.

నేను రిటైరైతే ఆఫీసు గ్రూప్ పాలసీ పోతుంది. అందుకని సొంతంగా ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేశాం. ఏదీ దాచకుండా బయాప్సీ రిపోర్టు కూడా జత చేస్తే, ఒక కంపెనీ కారణమేమీ చెప్పకుండానే పాలసీ ఇవ్వలేమంది. ఇంకో కంపెనీ ఏజెంటు ఇంటికొచ్చి, "పాత సంగతి ఇప్పుడెందుకండీ, ఆ గడిలో 'లేదు' అని పెట్టేద్దాం" అన్నాడు. దాచినట్టు తేలితే క్లెయిమ్ ఇవ్వరు, పాలసీ కూడా రద్దు చేస్తారు. వరుసగా 60 నెలలు ప్రీమియం కట్టాక పాలసీని ప్రశ్నించకూడదన్న నిబంధన ఉన్నా, మోసమని రుజువైతే అది కాపాడదు. నిజం రాస్తే పాలసీ రాదు, అబద్ధం రాస్తే క్లెయిమ్ రాదు.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో పాత జబ్బులకు క్లెయిమ్ రావడానికి ఆగాల్సిన గడువును (వెయిటింగ్ పీరియడ్) గరిష్ఠంగా 4 ఏళ్ల నుంచి 3 ఏళ్లకు తగ్గించింది. అన్ని వయసులవారికీ, అన్ని రకాల జబ్బులున్నవారికీ పాలసీలు అందుబాటులో ఉంచాలని కంపెనీలకు చెప్పింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ కూడా లేదు. ఇవన్నీ మంచి నిర్ణయాలే. కానీ ఎవరికి పాలసీ ఇవ్వాలో తేల్చే అధికారం ఇంకా కంపెనీ చేతిలోనే ఉంది.

లాలాజల గ్రంథి క్యాన్సర్‌లో చాలా రకాలున్నాయి. తక్కువ గ్రేడు (నెమ్మదిగా పెరిగే) మ్యూకోఎపిడెర్మాయిడ్ రకం చాలామందిలో ఆపరేషన్‌తోనే నయమవుతుంది. అడినాయిడ్ సిస్టిక్ రకం పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టొచ్చు. రిపోర్టు చదివితే తేడా తెలుస్తుంది. చదవకుండా 'క్యాన్సర్' అన్న మాట చూసి అందరినీ ఒకే గాటన కడుతున్నారు. అంత భయమైతే ఆ ఒక్క జబ్బునూ మినహాయించమనండి, ప్రీమియం కొంత పెంచమనండి. డెంగీకీ, కాలు విరిగితే వేసే కట్టుకూ కూడా బీమా లేదనడం ఏం న్యాయం?

ఫ్రాన్స్‌లో ఇంటి రుణానికి బీమా తీసుకునేవారు, చికిత్స ముగిసి 5 ఏళ్లు దాటి జబ్బు తిరగబెట్టకపోతే, క్యాన్సర్ వచ్చిన సంగతి చెప్పనక్కర్లేదని 2022లో చట్టం మార్చారు. ఆరోగ్య బీమాలో మనకూ అలాంటి గడువు ఒకటి కావాలి. మన దగ్గర పేదలకు ఆరోగ్యశ్రీ ఉంది, 70 దాటినవారికి ఆయుష్మాన్ భారత్ ఉంది. ఈ రెంటికీ అందని మధ్యతరగతి ఎక్కడికి పోవాలి?

ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. దరఖాస్తు తిరస్కరిస్తే వైద్యపరమైన కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలనీ, చికిత్స చేసిన డాక్టరు అభిప్రాయంతో మళ్లీ పరిశీలించాలనీ ఆ సంస్థ గట్టిగా ఆదేశించాలి. ఉద్యోగం వదిలేవారు గ్రూప్ పాలసీ నుంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుంది. ఈ సంగతి చాలా ఆఫీసుల్లో చెప్పరు, కవరేజీ పోకముందే మనమే అడగాలి. అప్పుడు కూడా కంపెనీ ఆరోగ్య చరిత్ర చూసి కాదనవచ్చు. ఏళ్ల తరబడి ఆ కంపెనీ బీమాలోనే ఉన్నవారి విషయంలోనైనా కంపెనీకి అలా కాదనే వెసులుబాటు తీసేయాలి.

- ఒక పాఠకుడు, వనస్థలిపురం, హైదరాబాద్