తల్లి దాచుకున్న బిడ్డ జాడ మన లాగిన్లే చెప్పేస్తున్నాయి

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మొగుడి హింస తట్టుకోలేక బిడ్డతో పారిపోయిన తల్లుల జాడ, ఆ పిల్లల బడి రికార్డుల వల్లే బయటపడుతోందని సోమవారం అర్జీల్లో మూడుసార్లు పెట్టాం. రెండుసార్లు ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. మూడోసారి, ఆ పిల్లల పేర్లు, ఇప్పుడు చదువుతున్న బడుల పేర్లు రాసివ్వమన్నారు. ఇవ్వలేదు. ఎందుకో చదివితే తమకే తెలుస్తుంది.

మొగుడి దెబ్బలు తాళలేక బిడ్డతో ఊరు దాటిన తల్లి, అతను వెతుక్కుంటూ వచ్చినప్పుడల్లా మళ్లీ మూట కట్టాలి. పిల్లాడికి ఏడాదిలో రెండు బళ్లు, ఒక్కోసారి మూడు. ప్రతిచోటా మొదటి ప్రశ్న ‘టీసీ ఏదమ్మా?’ పాత బడికి పోతే తండ్రి సంతకం కావాలంటారు. తండ్రి బతికున్నా బిడ్డ బాగోగులు పట్టించుకోనప్పుడు తల్లే సంరక్షకురాలు కావచ్చని గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. టీసీ ఆలస్యమైందని బడిలో చేర్చుకోకుండా ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్‌లో ఉంది. టీసీ ఇవ్వకుండా తిప్పే హెచ్‌ఎం మీద చర్య తీసుకోవాలనీ అక్కడే ఉంది. తీసుకున్నారా అని అడగం లెండి.

అసలు చిక్కు బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో ఉంది. మనసున్న హెచ్‌ఎం అయితే పిల్లాణ్ని అడ్మిషన్ రిజిస్టర్‌లో రాసుకుని కూర్చోబెడతారు. ఆన్‌లైన్‌లో మాత్రం పాత బడి వాళ్లు పిల్లాడి పేరును తమ లెక్కలోంచి వదలాలి, అంటే రిలీజ్ చేయాలి. పెన్ నంబరు (యూడైస్‌లో విద్యార్థికిచ్చే శాశ్వత నంబరు), పుట్టిన తేదీ కొడితే పిల్లాడు ఇంకా పాత బడిలోనే కనిపిస్తాడు. ఇక హెచ్‌ఎం గారు పాత బడికి ఫోన్ చేయక తప్పదు. ఆ బడి ఉన్నది తండ్రి ఊళ్లో. ‘మీవాడు ఫలానా మండలంలో చేరాడటగా’ అన్న మాట సాయంత్రానికి టీకొట్టు దాకా వస్తుంది. మర్నాడు కొత్త బడి గేటు ముందు తండ్రి బండి ఆగుతుంది. ఫోన్ చేయకపోతే పిల్లాడు బల్ల మీద ఉంటాడు, లెక్కలో ఉండడు.

ఆధార్‌దీ ఇదే వరస. చిన్నప్పుడు తండ్రి ఫోన్ నంబరు ఇచ్చి తీయించి ఉంటారు. ఇప్పుడు తల్లి ఆన్‌లైన్‌లో చిరునామా మార్చబోతే ఓటీపీ అతని ఫోనుకే పోతుంది. ఆధార్ కేంద్రంలో ముందు నంబరు మార్పించి, ఆ తర్వాతే చిరునామా ముట్టుకోవాలి. ఈ ఒక్క ముక్క చెప్పే దిక్కు లేదు. ఇక పిల్లల చదువుకిచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు కోసం సచివాలయానికి పోతే, ఏ ఇంట్లో ఎవరున్నారో రాసుకున్న మ్యాపింగ్‌లో ఆమె ఇంకా మొగుడి ఇంట్లోనే ఉంటుంది. విడాకుల కాగితం తెమ్మంటారు. అది చేతికొచ్చేసరికి పిల్లాడు పదో తరగతి దాటేస్తాడు.

గృహహింస చట్టం 18వ సెక్షన్ కింద, బిడ్డ చదివే బడిలో అడుగు పెట్టొద్దని మేజిస్ట్రేటు ఆర్డరు ఇవ్వొచ్చు. ఆ కాపీ తెచ్చిస్తే ఏం చేయాలో ఏ హెచ్‌ఎంకీ మీ శాఖ చెప్పలేదు.

అయ్యా, ఇలాంటి పిల్లల రిలీజ్‌ను పాత బడి చేతిలోంచి తీసి, కొత్త బడి పేరు బయటపడకుండా జిల్లా లాగిన్‌లో పెట్టించండి. తల్లి సంతకం చాలని ఒక సర్క్యులర్ ఇప్పించండి. ఆర్డరు కాపీ తెస్తే గేటు దగ్గర ఎవర్ని ఆపాలో హెచ్‌ఎంలకు రాసి పంపించండి. జూన్‌లో బళ్లు తెరిచేలోపు ఇందులో ఏ ఒక్కటి చేయించినా సంతోషమే.

ఇట్లు,
ఆ తల్లుల తరఫున అర్జీలు రాసేవాళ్లం